అయ్యవారు చెప్పిన రెండో దినం

యాభై ఏళ్ళుగా ఒక తేదీని మోస్తున్నాను. ఎవరికీ చెప్పని తేదీ. మనిషిని చంపలేదు, ఇల్లు కూల్చలేదు. అయినా అది నా మీద నుంచి దిగలేదు. మొదట్లో గుండెల మీద ఉండేది. తర్వాత తర్వాత ఎక్కడుందో కూడా తెలియకుండా పోయింది. తిమ్మిరెక్కిన కాలు మనదే అయినా మనది కానట్టు ఉంటుంది చూడండి, అలాగ. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు రాయను.

మాది ఎమ్మిగనూరు. మగ్గాల ఇల్లు. నేను పెద్ద కోడలిని, సుంకమ్మ చిన్న కోడలు. నాకు పెళ్ళయి ఏడేళ్ళయినా కడుపు పండలేదు. సుంకమ్మకు కాపురానికి వచ్చిన మరుసటేడే ఆడపిల్ల పుట్టింది. నాగవేణి. ఆ పిల్లకు మూడో ఏడు వచ్చినప్పటి మాట ఇది. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చి, మేము బళ్ళారి జిల్లా వాళ్ళం కాస్తా కర్నూలు జిల్లా వాళ్ళమైన రోజులు.

తిరుపతి కొండకు పోదామన్నది అవ్వ. అంటే మా మామ తల్లి. నాగవేణికి పుట్టు వెంట్రుకలు తీయించాలి, అది ఒక సాకు. అసలు సంగతి, అవ్వకు చచ్చేలోగా ఒక్కసారి పచ్చటి కొండలు చూడాలని ఉండేది. మా ఆదోని వైపు కొండలంటే బోడి గుండ్లు, చెట్టు కనపడదు. మగ్గాల మీద బతికేవాళ్ళకు విహారాలెక్కడివి? దేవుడి పేరు చెప్పి నాలుగు రోజులు మగ్గం గుంతలోంచి కాళ్ళు బయట పెట్టడమే మాకు విహారం. నాలుగు తరాలూ కలిసి కొండెక్కాలని, ఒక్కరు తగ్గినా తాను రానని అవ్వ పట్టుబట్టింది. మామ సరేనన్నాడు. మగ్గాల మీదున్న పడుగులు కోసి, కొత్తవి ఎక్కించే లోపల పోయి రావాలి.

ఇంట్లో నాకొక పని ఉండేది. పడుగుకు గంజి పట్టించాలంటే పొద్దున్నే వీధి పొడుగునా నూలు పరిచి, ఎండ ముదరక ముందే నలుగురూ చేయి వేయాలి. బయట చేరిన ఆడవాళ్ళు నూలు ముట్టకూడదు. అందుకని ఏ కోడలు ఏ దినాల్లో దూరంగా ఉంటుందో ముందే లెక్క తెలియాలి. ఆ లెక్క అత్త నాకు అప్పజెప్పింది. వంటింటి కిటికీ కమ్మీకి నూలు పోగులు కట్టుకున్నాను. నల్ల పోగు నాది, ఎర్ర పోగు సుంకమ్మది, ఇంకో రెండు మాతో పనిలో కలిసే పక్కింటి కోడళ్ళవి. రోజుకొక ముడి. సుంకమ్మది ఇరవై ఎనిమిదో నాటికి తప్పేది కాదు. పంచాంగమైనా ఒక ఘడియ అటూ ఇటూ అవుతుందేమో గానీ ఆమె కాదు.

కొండకు మంచి రోజు అడిగి రమ్మని మామ నన్నే పంపాడు. ఐదో తరగతి దాకా చదివిన కోడలినని ఆయనకు గర్వం. పై వీధిలో పంచాంగం చెప్పే అయ్యవారి అరుగు మీద కూర్చుని, పాప పుట్టిన ఘడియలు చెప్పాను. ఆయన వేళ్ళు లెక్కబెట్టుకుని రెండు దినాలు చెప్పాడు. ఒకటి కార్తీక పున్నమికి ముందు. ఇంకొకటి పది రోజుల తర్వాత. రెండూ ఒకే రకంగా మంచివే, మీ వీలు చూసుకోండి అన్నాడు. కాగితం మీద రెండూ రాసుకున్నాను.

తిరిగి వస్తూ లెక్క వేశాను. మొదటి దినానికి సుంకమ్మ బయట ఉంటుంది. రెండో దినానికి అందరం శుభ్రంగా ఉంటాం. లెక్క అంత తేలిక. ఇంటికి పోయి రెండో దినం చెబితే సరిపోయేది.

మరి ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న నేను వేసుకున్నన్ని సార్లు ఎవరూ ఏ ప్రశ్నా వేసుకుని ఉండరు. సుంకమ్మ మీద కోపమా? లేదు. నన్ను అక్కా అని నోరారా పిలిచేది. తన కూతురిని నా ఒళ్ళో వేసి పనికి పోయేది. ఎవరూ నన్ను గొడ్రాలని కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది, కారణమని చెప్పుకోవడానికి ఒకటి దొరికేది. నాకు ఆ పిల్ల నాలుగు రోజులు కావలసి వచ్చింది, అంతే. మమ్మల్ని ఎరుగని ఊళ్ళో, రైల్లో, కొండ మీద, ఆ పిల్లను చంకనేసుకుని తిరగాలి. చూసినవాళ్ళు నన్ను తల్లి అనుకోవాలి. సుంకమ్మ పక్కనుంటే అది కుదరదు. వీధి మలుపులో ఆగి కాగితం కింది ముక్క చించి మురుగు కాలువలో వేశాను.

మామకు ఒక్క దినమే చెప్పాను. హొళగుందలో ఉన్న సుంకమ్మ అన్నకు కబురు పోయింది, మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి వెంట్రుకలు తీయించాలి కదా. ఆయన తిన్నగా ఆదోని స్టేషనుకు వస్తానన్నాడు. ఇంట్లో రొట్టెలు కాల్చడం, చెనిక్కాయల పొడి దంచడం మొదలైంది. కర్జికాయలు సుంకమ్మే చేసింది. ఆ రోజు సాయంత్రం పిండి చేతులతో నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఆ దినానికి నేను బయట చేరతానేమో. నీకు తెలుసు గదా."

"తెలుసు," అన్నాను.

"ఇంకో దినం చెప్పలేదా అయ్యవారు?"

"లేదు. ఆ ఒక్కటే చెప్పినాడు."

"ఇంకోసారి పోయి అడుగుదామా? నేనూ వస్తా."

"ఆయన ఒకసారి చెప్పినాక మళ్ళా అడిగితే పాపకు మంచిది గాదు సుంకమ్మా."

పాప పేరు ఎత్తగానే ఆమె నోరు మూసుకుంటుందని నాకు తెలుసు. మూసుకుంది. చేతికంటిన పిండి గిల్లుకుంది. తర్వాత అన్న మాట ఇది.

"పోనీలే అక్కా. నువ్వుండావు గదా. నా బిడ్డకు నువ్వొకటీ నేనొకటా. గుండు గీకేటప్పుడు భయపడుతుంది, నువ్వు గట్టిగా పట్టుకో."

పట్టుకుంటానన్నాను.

ప్రయాణానికి ముందు రోజు పొద్దున ఆమె బయట చేరింది. అవ్వ గొణిగింది. అందరం పోవల్లంటిని గదా అంది. తర్వాత తనకు తానే సర్దిచెప్పుకుంది.

"ఏం చేస్తాం. దేవుడు పిలవల్ల. పిలుపు రాకపోతే గడప గూడా దాటలేం."

ఆ మాట ఇంట్లో అందరికీ నచ్చింది. సుంకమ్మ కూడా తలూపింది. నేనూ ఊపాను.

బయల్దేరేటప్పుడు ఆమె పెరటి కొట్టంలో ఉంది. నాలుగు రోజులకూ అన్నం పక్కింటివాళ్ళు పెడతామన్నారు. తలంటి కొత్త పరికిణీ కట్టిన నాగవేణి తల్లి కోసం పెరట్లోకి పరిగెత్తింది. "ముట్టుకోగాకు తల్లీ" అంటూ సుంకమ్మ వెనక్కి వెనక్కి జరిగింది. పిల్ల ఇంకా దగ్గరికి పోబోతే కొట్టం లోపలికి పోయి తలుపు వేసుకుంది. నేను పిల్లను ఎత్తుకుని వచ్చేశాను. బస్సు మలుపు తిరిగేదాకా ఏడ్చింది. సముదాయించడానికి నా దగ్గర కర్జికాయలున్నాయి, వాళ్ళమ్మ చేసినవే.

ఆదోనిలో రైలెక్కాం. గుంతకల్లు దాటాక ఎదురుగా కూర్చున్న ఒకావిడ పిల్ల బుగ్గ పట్టుకుని, "నీ బిడ్డేనా?" అని అడిగింది. ఔనన్నాను. మా ఆయన పక్కనే ఉన్నాడు. విన్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత బతికినన్నాళ్ళూ ఆ మాట ఎత్తలేదు.

కొండ సంగతి ఏం చెప్పను? అవ్వ డోలీలో కూర్చుని రెండు పక్కలా చెట్లను చూసి, ఇంత పచ్చదనం యాడ దాచిపెట్టినాడప్పా అని కళ్ళు తుడుచుకుంది. మంచు మొహానికి తగులుతుంటే మామ చిన్నపిల్లాడిలా నవ్వాడు. అందరూ సంతోషంగా ఉన్నారు. నేనూ ఉన్నాను, అబద్ధమాడను. నాగవేణి మొదటి రోజంతా అమ్మ కావాలని ఏడ్చింది. రెండో రోజు అడగలేదు. మూడో రోజు, మేనమామ ఒళ్ళో కూర్చుని కత్తి చల్లదనం నెత్తికి తగలగానే జడుసుకుని రెండు చేతులూ నా వైపు చాచి అమ్మా అని అరిచింది. సుంకమ్మను పిలిచిందో నన్ను పిలిచిందో నాకు తెలియదు. నేను పలికాను. ఆ క్షణం కోసమే కదా అంత చేశాను. అది వచ్చింది, అయిపోయింది. ఎంతసేపుందో కూడా గుర్తులేదు.

తిరిగి వచ్చేసరికి సుంకమ్మ తలస్నానం చేసి బస్సు దగ్గరికి వచ్చి నిలబడి ఉంది. గుండు మీద గంధంతో ఉన్న కూతురిని చూసి చేతులు చాచింది. పిల్ల సిగ్గుపడి నా భుజంలో మొహం దాచుకుంది. ఆమె నవ్వింది. వెంట్రుకలతో పాటు అమ్మను గూడా కొండ మీదనే వదిలి వచ్చినావా అని ఎకసెక్కమాడింది. నెల రోజుల పాటు కొండ ముచ్చట్లు అడిగి అడిగి చెప్పించుకుంది. మెట్లెన్ని, చలి ఎంత, పాప ఏం తింది, ఎవరి పక్కన పడుకుంది. అన్నీ చెప్పాను. రెండో కాన్పుకు ముందే మళ్ళీ అందరం పోదామని మామ ఆమెకు మాటిచ్చాడు.

పోలేదు. మరుసటేడు ఆ కాన్పులోనే సుంకమ్మ పోయింది. బిడ్డా దక్కలేదు.

నాగవేణి నాకు దక్కింది. నాలుగు రోజులకని ఎత్తుకుపోయిన పిల్ల, మొత్తానికే వచ్చేసింది. మరిది మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, పిల్ల మాత్రం నా దగ్గరే పెరిగింది. ఆమె చావుకు నేను కారణం కాదు. అది నాకు తెలుసు. తెలిసినా, రెండో దినానికి పోయి ఉంటే ఆమె కూతురి పక్కన నడుస్తూ ఆ చెట్లను చూసి ఉండేది. ఆ పది రోజుల తేడాలో ఒక మనిషికి రావలసిన సంతోషమంతా ఉంది. అది నేను తిన్నాను.

ఇంట్లో మాత్రం అవ్వ మాటే నిలిచిపోయింది. పాపం, సుంకమ్మను దేవుడు పిలవలేదు. చుట్టాలొచ్చినా అదే మాట. నాగవేణి ఆ మాట వింటూనే పెరిగింది. పదిహేనేళ్ళప్పుడు ఒకసారి కొండ ప్రయాణం అనుకుంటే మొండికేసింది. "మా అమ్మను పిలవని దేవుని దగ్గరికి నేను పోను." చిన్నతనం, పోతుందిలే అనుకున్నాం. పోలేదు. పెళ్ళయ్యాక అత్తవారు బతిమాలినా పోలేదు. కొడుకు పుట్టు వెంట్రుకలు కూడా మొగుడినే పంపి తీయించింది, తాను ఇంట్లో ఉండిపోయింది. ఒక్క ముక్క చెబితే చాలు, దేవుడి మీద ఆమెకున్న పగ తీరిపోతుంది. ఆ పగ తిరిగి ఎవరి మీదికి వస్తుందో నాకు తెలుసు. అందుకే ఇన్నేళ్ళూ ఆ తప్పు దేవుడి మీదే ఉంచాను. ఆయన ఏమీ అనలేదు.

మా ఆయన పోయాక నాగవేణి నన్ను తన ఇంటికి తెచ్చుకుంది. పోయిన వారం మళ్ళీ కొండ మాట వచ్చింది. నాగవేణి మనవరాలికి పుట్టు వెంట్రుకలట. కొడుకు, కోడలు, వియ్యంకులు, అందరూ ఈ పొద్దున వ్యానెక్కారు. కొడుకు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. నాగవేణి నవ్వి, ఈ ముసిలామెను ఎవరు చూస్తారు, మీరు పోయి రండి అంది. అందరి ముందూ నన్ను సాకు చేసింది. కారణం నేనే కదా, అది తనకు తెలియకుండానే నిజం చెప్పింది.

వాళ్ళు వెళ్ళాక కూర్చుని ఇది రాశాను. సుంకమ్మను దేవుడు పిలిచాడు. రెండో దినం పెట్టి మరీ పిలిచాడు. ఆ పిలుపు చించి కాలువలో వేసింది నేను. ఇంత పచ్చిగా ఈ మాట ఇంతవరకూ నాకు నేను కూడా చెప్పుకోలేదు. చెప్పాక ఊపిరి కొంచెం లోతుకు పోతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను. అడగవలసిన మనిషి లేదు. ఉన్న మనిషిని అడిగే ధైర్యం లేదు.

లోపల నాగవేణి సంగటి కెలుకుతోంది. ఇద్దరికే కదా, కొంచెమే పెట్టింది. అమ్మా, పొద్దు పోతాండాది, తిందువురా అని ఇప్పుడే పిలిచింది. వస్తున్నానన్నాను.