గోడ మీద ఆగిన దిమ్మ

బీచ్ రోడ్డులో ఒక మేడ గోడకి లైట్లు వేశారని ఊరంతా అటే కదిలింది. ఉత్తినే వచ్చేదంటే మనవాళ్ళకి ఎంత ముద్దో! నేనూ నాన్నని లాక్కెళ్ళాను. ఫుట్‌పాత్ మీద గీసిన వలయంలో నిలబడితే మన చేతుల్ని కెమెరా చూస్తుంది. చేతులు పైకెత్తితే గోడ మీద వెలుగు దిమ్మలు లేస్తాయి, దించితే దిగుతాయి, కదపకుండా చాపితే ఆగిపోతాయి.

నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఒకప్పుడు ఆయన పోర్టు దగ్గర ఒక స్టాక్‌యార్డులో సిగ్నల్ మేన్. పైన క్రేన్ నడిపేవాడికి కింద ఏముందో కనబడదు, నాన్న చేతుల్నే చూసి నడపాలి. రెండు చేతులూ బారజాపితే ఎక్కడిదక్కడ ఆపమని సైగ. ఒక మధ్యాహ్నం క్రేన్‌కి వేలాడుతున్న కాయిల్, టన్నుల బరువున్న ఇనప రేకు చుట్ట, అదే యార్డులో కింద పనిచేస్తున్న మా మేనమామ మీదికి దిగింది. అక్కడికక్కడే పోయాడు. కళ్ళలో ఎండ పడి సైగ కనబడలేదన్నాడు క్రేన్ అతను. నాన్న తప్పేమీ లేదని విచారణలో తేల్చారు. నాన్నకే తేలలేదు. అసలు చేతులు చాపానా, చాపాననుకుంటున్నానా అన్న అనుమానం ఆయన్ని లోపల తొలిచేసింది. పోయినవాడు అమ్మకి సొంత అన్న. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇంట్లో ఎవరం ఆ మాటెత్తేవాళ్ళం కాదు.

మా వంతు వచ్చింది. మాకంటే ముందున్నాయన దించిన పెద్ద దిమ్మ ఒకటి ఇంకా కిందికి దిగుతూనే ఉంది. గోడ దగ్గర పిల్లలు దాన్ని అందుకోవాలని ఎగురుతున్నారు. నేను ఫోను తీసేలోపే నాన్న రెండు చేతులూ బారజాపారు. దిమ్మ ఆగింది.

జనం చప్పట్లు కొట్టారు. నాన్న చేతులు దించలేదు. వెనక వరుసలో గొణుగుడు మొదలైంది. నాకు ముందు సిగ్గేసింది, తర్వాత భయమేసింది.

"నాన్నా, అది ఉత్త లైటే."

"తెల్సమ్మా. ముందు ఆ పిల్లల్ని జరగమను."

వెళ్ళి పిల్లల్ని పక్కకి పంపాను. అప్పుడు దించారు. ఆటోలో ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటివైపే చూస్తూ కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే అమ్మతో అన్నారు:

"పిల్లల మీదకి లైటు దిగతంటే నాను అనుకోకుండానే సేతులు లేసిపోనాయే. ఆ రోజు కూడా సాపే ఉంటాను."

అమ్మ స్టవ్ కట్టేసి వచ్చింది.

"సాపేరని మా అన్నకి తెల్సు. ఇన్నాళ్ళూ మీకే తెలీలేదు."