బుల్లియ్య తెడ్డులో విన్న అల

జాలరి బుల్లియ్యకు పిచ్చి అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కొవ్వూరులో బడిపంతులుగా ఆ మనిషిని పదేళ్లు ఎరుగుదును. తెడ్డు కొసను నీళ్లలో ముంచి, పిడిని చెవికి ఆనించుకుని, గొరగొరలాడే చేపల గుంపు ఎటువైపు ఉందో చెప్పేవాడు. వాళ్ల పేటంతా ఆ చెవి మీదే బతికింది. చదువు రాదు. రాకపోతే ఏం?

గోదావరికి ఇంకా వంతెన లేని రోజులవి. పుష్యమాసం పొద్దున, పది బారల అవతల ఏమీ కనపడనంత మంచు. రేవు గుమాస్తా వీరబ్రహ్మం రాజమహేంద్రవరం పడవ నింపుతున్నాడు. బుల్లియ్య కూతురు లోవమ్మ చేపల తట్టతో అప్పటికే ఎక్కి కూర్చుంది. ఒడ్డున తెడ్డు చెవికి పెట్టుకున్న బుల్లియ్య ఉలిక్కిపడ్డాడు.

"బాబూ, పడవ ఆపండి! పొగఓడ వత్తందండి. చక్రం నీళ్లని కొడతన్న చప్పుడు ఇనబడతందండి."

వీరబ్రహ్మం పకపకా నవ్వాడు. "గోదారి అద్దంలా ఉంది. ఓడొస్తుంటే అల రాదేంట్రా? నీ తెడ్డుకొక్కదానికే కబురొచ్చిందా?"

"మీరు చూసే అల వేరు, అతను వినే అల వేరండీ!" అని నేను అరిచాను.

అంతే కదా! తడి చీరను ఇద్దరు చెరో కొసా పట్టుకుని దులిపితే గుడ్డ పైకీ కిందికీ ఊగుతుంది, అల మాత్రం అడ్డంగా పోతుంది. నీటి మీద మనకు కనపడే అల ఇంచుమించు అలాంటిది, మనిషి నడకంత నిదానం. చప్పుడు అలా కాదు. పెనుగొండ తిరనాళ్లలో వెనకవాడు తోస్తే ఆ తోపు మనిషి నుంచి మనిషికి ముందుకు పోతుంది, ఎవరి చోట వాళ్లే ఉంటారు. నీళ్లలో చప్పుడూ అంతే. మిట్టా లేదు, పల్లమూ లేదు. ఒత్తిడి ఇక్కడ ఎంత, అక్కడ ఎంత అన్నదే లెక్క, దానికి పైకి కిందికి అన్న దిక్కు లేదు. క్షణంలో మైలు దాకా పోతుంది. ఈ ముక్క తెలియని పెద్దమనిషికి రేవు అప్పగించారు!

నా మాటకు ముగ్గురు దిగిపోయారు. లోవమ్మ కూడా లేవబోయింది. ఓడ ఎంత దగ్గరకొచ్చిందోనని బుల్లియ్య మళ్లీ తెడ్డుకు చెవి ఆనించి, అలవాటుగా చెయ్యెత్తాడు. ఆమె టక్కున కూర్చుండిపోయింది. వీరబ్రహ్మం పడవ తోయించేశాడు.

ఓడ కూత మాకు వినపడేసరికి కేకలు కూడా వినపడ్డాయి. పదకొండు మంది పోయారు. లోవమ్మ మూడోనాడు తేలింది.

విచారణకు వచ్చిన అధికారి రెండు రకాల అలల గురించి నేను చెప్పిందంతా ఆవులిస్తూ విన్నాడు. వీరబ్రహ్మం చేతులు కట్టుకుని, "ముందుగా తెలిసే దారే లేదండి" అన్నాడు. సిగ్గులేని మనిషి! అప్పుడు అధికారి బుల్లియ్య వైపు తిరిగాడు.

"నీకంత బాగా వినపడితే నీ కూతురెందుకు దిగలేదు?"

"మా జాలర్లలో తెడ్డు ఇనేవోడు చెయ్యెత్తితే పడవలో ఎవరూ కదలకూడదండి. సిన్నప్పుడే నేర్పుతామండి." బుల్లియ్య తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. "నేనే కదలొద్దన్నానండి."

అధికారి కలం అందుకున్నాడు. ఆ రోజంతా బుల్లియ్య చెప్పినవాటిలో అతను రాసుకున్నది ఆ ఒక్క మాటే.