మబ్బుల పోస్టులో ఎండ పెట్టె

మేము సరిహద్దు పోస్టు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. అప్పటికే ఎండ పోయింది. రోడ్డు చివర నుంచి మూడు రోజుల నడక. ఎత్తు పదకొండు వేల అడుగులు. కొండ అంచున రాళ్ళు పేర్చి కట్టిన రెండు బంకర్లు, ఏడుగురు మనుషులు. చైనా యుద్ధం అయిన మరుసటి చలికాలం అది. స్టోరులో నాకు ఒక సైజు పెద్ద బూట్లు ఇచ్చారు. మార్చమని మూడుసార్లు అడిగాను. మార్చలేదు. ఆ స్టోరు గుమాస్తా మొహం నాకింకా గుర్తుంది.

మాతోపాటు కంచరగాడిద మీద ఒక చెక్కపెట్టె వచ్చింది. లోపల నల్లరంగు, పైన గాజు మూత, దాని వెనక నిలబెట్టే అద్దం. ఎండతో వండే పొయ్యి. వాడి చూసి, పనికొస్తుందో లేదో రాసి పంపమని ఆర్డరు. పంపించేముందు కెప్టెన్ నా ఊరు అడిగాడు. మాచర్ల దగ్గర అన్నాను. అక్కడి ఎండల గురించి ఆయన విన్నాడట. పెట్టె నాకే అప్పగించాడు.

మా హవల్దారు గోదావరి డెల్టా మనిషి. "ఆళ్ళూళ్ళో ఎండా, రాళ్ళూ తప్పితే ఇంకేముంటాయిలే" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

అక్కడ సూర్యుడు తొమ్మిది నలభైకి ఎదుటి కొండ దాటేవాడు. ఒంటిగంటంపావుకు పక్క కొండ చాటుకు పోయేవాడు. వారంలో నాలుగు రోజులు ఆ మాత్రం కూడా లేదు. మబ్బు.

మొదటిరోజు చదునైన బండ చూసి, కళ్ళంలో మిరపకాయలు ఆరబోసినట్టు పెట్టెను బల్లపరుపుగా పెట్టాను. పల్నాడు వాడికి ఎండంటే నడినెత్తి మీదిదే. దాన్నుంచి తప్పుకోవడం తెలుసు గానీ, దానికి ఎదురెళ్ళి వెతుక్కోవడం తెలియదు. ఒంటిగంటకు మూత తీశాను. గిన్నెలో మంచు మంచుగానే ఉంది.

హవల్దారు నేరుగా రేడియో దగ్గరికి వెళ్ళి కింది క్యాంపును పిలిచాడు. "ఎండ పెట్టె దండగ. ఓవర్."

"ఒక్కరోజుకే తేల్చేశారా? ఓవర్."

"తేలిపోయింది. ఓవర్."

తప్పు నాది, పెట్టెది కాదు. మర్నాడు పన్నెండింటికి నా నీడ చూసుకున్నాను. నాకంటే పొడుగుంది. మా ఊళ్ళో ఆ వేళకు అంత నీడ ఉండదు. పెట్టె వెనక రాళ్ళు పేర్చి, గాజు సూర్యుడికి ఎదురుగా ఉండేలా ఏటవాలుగా లేపాను. చుట్టూ చిరిగిన కంబళి కట్టాను. పావుగంటకోసారి సూర్యుడి వెంట తిప్పాను. ఒంటిగంటకు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాగాయి. హవల్దారుకు చూపించాను. "ఇయ్యాళ ఎండుంది కాబట్టి" అన్నాడు. రేడియోలో మాత్రం చెప్పలేదు.

పదిరోజుల తర్వాత మంచు తుఫాను వచ్చింది. దారి మూసుకుపోయింది. గాడిదలు రావు. వంటవాడికి రెండు పాదాల వేళ్ళూ మంచు కొట్టి నల్లబడ్డాయి. అతనిది గురజాల. రేడియోలో ఆర్డరు వచ్చింది: కిరోసిన్ ఆఖరి టిన్నుకు వస్తే పోస్టు వదిలి దిగండి. లెక్క చూస్తే పన్నెండు రోజులకు ఆ టిన్ను దగ్గరికొస్తాం. కింద నడుములోతు మంచు.

వంటవాడు నన్ను పిలిచాడు. "ఒరేయ్, నన్ను వీపున కట్టుకొని దిగుతారంట గదా?"

"దిగంలే."

"ఎవుడు మోస్తాడ్రా? నీ బూట్లే నీకు నిలవవు. జారితే ఇద్దరం పోతాం. నన్నీడనే వదిలెయ్యండి."

"నోరుమూసుకో మావా. దిగం అన్నాగా."

పెట్టెతో కిరోసిన్ మిగిల్చి ఇక్కడే ఉందామని హవల్దారుతో చెప్పాను. మబ్బురోజున నీ పెట్టె ఏం చేత్తాదిరా అన్నాడు.

"ఎసరు కాగదు. మంచు కరుగుద్ది. మన కిరోసిన్ సగం పోయేది మంచు కరిగించడానికేగా?"

ఆయన వద్దనలేదు కాబట్టి ఖాళీ టిన్నులన్నిటికీ మసి పూశాను. గాలి తగలకుండా బంకరు గోడవారన, ఎండ పడేవైపు వరసగా పెట్టాను. పెట్టె మధ్యలో పెట్టాను. ఎండరోజున అందరికీ సరిపడా నీళ్ళు. పలుచటి మబ్బుంటే అందులో సగం. దట్టమైన పొగమంచుంటే ఏమీ లేదు. రోజూ లెక్క రాసుకునే నా పుస్తకంలో ఏమీ లేదనే రాశాను. అబద్ధం ఒక్కటీ రాయలేదు. వంటవాడు నీళ్ళ మగ్గు పట్టుకొని, "మన ఎండ ఇంతదూరం వచ్చిందేందిరా!" అనేవాడు.

పన్నెండోరోజు దాటింది. పందొమ్మిదోరోజు ఉదయం పదకొండింటికి గాడిదల మెడగంటలు వినిపించాయి. ఆఖరి టిన్ను మూత అప్పటికింకా తీయలేదు. వంటవాణ్ణి గాడిద మీద దించారు. రెండు వేళ్ళు పోయాయి. మనిషి ఉన్నాడు. గురజాలలో నడుస్తున్నాడు.

మార్చిలో హవల్దారు రిపోర్టు రాశాడు: మబ్బు ప్రాంతంలో పనికిరాదు. నా పుస్తకం ఆయన ముందు పెట్టాను.

"రేడియోలో ఒకసారి సెప్పేశానురా. ఇప్పుడు మాట మారిస్తే నా పరువేం గావాలి?"

పుస్తకం నాకే తిరిగిచ్చాడు. పై వాళ్ళకు మూడు అర్జీలు పెట్టుకున్నాను. ఒక్కదానికీ జవాబు లేదు.

పోస్టు నుంచి దిగిన పదిహేనోరోజున మాచర్ల స్టేషన్లో రైలు దిగాను. టీ కొట్టు దగ్గర ఈ సంగతి చెబితే, "ఎండ లేనికాడ ఎండపొయ్యేంది మావా, మంచు బుర్రకెక్కిందా" అన్నారు. నరసరావుపేటలో ఒక సైన్సు మాస్టారు మర్యాదగా అదే మాట అన్నాడు. ఇద్దరికీ నా జవాబు ఒక్కటే. పల్నాడు ఎండ చేసే పని అక్కడి ఎండ చెయ్యదు. చెయ్యమని నేనూ అడగలేదు. చెయ్యగలిగిన పని అప్పజెప్పాను, చేసింది. ఎండ తక్కువ చోట దాన్ని వాడుకోవడం తెలియాలి. తెలియనివాళ్ళు పనికిరాదంటారు. నా పుస్తకం నా దగ్గరే ఉంది. చూస్తామన్నవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు.

పోస్టు దిగిన ఉదయం మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు. పెట్టెను అక్కడే పారేసి రమ్మని హవల్దారే చెప్పాడు. అందరం దిగుతున్నాం. ఆయన చివర. మలుపు దగ్గర నా బూటు జారితే ఆగి, వెనక్కి చూశాను. టైము తొమ్మిది నలభై ఐదు. హవల్దారు ఎవరూ చూడటం లేదనుకున్నాడు. పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చేతితొడుగు తీసి, గాజు మీది మంచును వట్టి అరచేత్తో తుడుస్తున్నాడు. తుడిచి, పెట్టెను మెల్లగా సూర్యుడి వైపు తిప్పాడు.