నూట డెబ్బై రెండు మెట్లు

మా డిపోలో ఆయన్ని అందరూ మైకుగారనే పిలుస్తారు. ఊరు చూపించే టూర్ బస్సులో ముప్పై ఏళ్ళు గైడుగా చేశాడు. అందులో ఇరవై రెండేళ్ళు ఆ బస్సు స్టీరింగు పట్టుకున్నవాణ్ణి నేను. కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకుంది. కాదనేవాళ్ళుంటే వచ్చి ఓ నెల ఆ బస్సు నడిపి, అప్పుడు మాట్లాడమనండి.

ఆయనకు రెండే రెండింటి మీద భక్తి. ఒకటి మైకు, రెండోది లెక్క. మైకు సంగతి సరే, నోరున్నవాడెవడైనా పట్టుకుంటాడు. లెక్క మాత్రం ఆయనదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలి టీచరమ్మను మ్యూజియం దగ్గర వదిలేసి బస్సు తీసుకుపోయారట. తిరిగి వెళ్ళేసరికి మూడు గంటలు గడిచిపోయాయి. ఆవిడ మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడుస్తోందట. ఆ ఏడుపు ఇంకా తన చెవుల్లోంచి పోలేదని చెప్పేవాడు. అప్పట్నుంచీ ఏ స్టాపులోనైనా బస్సు కదిలే ముందు రెండుసార్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకసారి ముందునుంచి వెనక్కి, ఒకసారి వెనకనుంచి ముందుకి, ప్రతి సీటు వీపునూ చేత్తో తాకుతూ. లెక్క సరిపోతే తలుపు పక్క రేకు మీద దబ్‌దబ్‌మని రెండు దెబ్బలు కొట్టి "రైట్" అనేవాడు. ఆ రెండు దెబ్బలూ వినబడందే నేను గేరు ముట్టుకునేవాణ్ణి కాదు. మా అమ్మాయి పెళ్ళికొచ్చి, వ్యానులోంచి దిగుతున్న మావాళ్ళను కూడా లెక్కపెట్టాడు మహానుభావుడు. మా వియ్యంకుడు ఏదో వెతుకుతున్నాడనుకుని ఆయనా పక్కనే నిలబడి వెతికాడు.

తలుపును ఆనుకుని ఉన్న మొదటి సీటు గైడుది. దానికి టికెట్ ఇవ్వరు కాబట్టి అది లెక్కలోకి రాదు. గైడుదనే మాటేగానీ ఆయన అందులో కూర్చోగా నేను చూసింది లేదు. ఎప్పుడూ నిలబడే ఉండేవాడు. ఆ సీట్లో ఆయన కాగితాలూ, టీ ఫ్లాస్కూ ప్రయాణం చేసేవి. లెక్క రెండో వరుసనుంచి మొదలయ్యేది.

ఇక మా వదిన. ఆయన భార్యే, నాకు వరసకు కాకపోయినా వదినే. ఒక కుట్టుషాపులో బడిపిల్లల చొక్కాలకు కాలర్లు కుట్టేది. ఇల్లు, షాపు, కూరల బజారు. ఆవిడకు తెలిసిన ఊరు ఆ మూడింటి మధ్య ఉన్నంతే. సముద్రం ఇంటికి గంట దూరంలో ఉన్నా పట్టుమని నాలుగుసార్లు చూసిందో లేదో. కానీ టూరంతా ఆవిడకు కంఠతా వచ్చు! ఈయన కొత్తలో రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుంటూ పాఠం వల్లెవేసేవాడట. "ఇప్పుడు మీ కుడివైపున చూస్తున్నది..." అని అద్దంలోకి చెబుతుంటే, ఆవిడ వంటింట్లోంచి కుడివైపు చూసేది. కుడివైపున గోడ, గోడకు పప్పుల డబ్బాలు.

స్టాఫు కుటుంబానికి ఏడాదికో ఫ్రీ పాసు ఉండేది. ప్రతి ఏడూ ఏదో ఒక అడ్డం వచ్చేది. సెలవుల్లో ఈయనకు రద్దీ, బడులు తెరిచేముందు ఆవిడకు రద్దీ. "వచ్చే ఏడు చూద్దాంలే" అనేవాడు. "మీ ఊరు నాకెప్పుడు చూపిస్తారండీ?" అని ఆవిడ ఎగతాళి చేసేది. ఎగతాళే అనుకున్నాం అందరమూ.

ఈయన రిటైరైన రోజు డిపోలో టీ బిస్కట్లూ ఇచ్చి సభలాంటిది పెట్టారు. మేనేజరు మర్యాదకి, "అమ్మా, మీరేమైనా చెబుతారా?" అన్నాడు. ఆవిడ లేచి నిలబడింది.

"నాకొకటే కోరిక. ఒక్కరోజు టూరిస్టులా ఊరు చూడాలి. ఈయన నా పక్కన కూర్చోవాలి. గైడులా కాదు, మొగుడిలా. మైకు ముట్టుకోకూడదు, లేవకూడదు."

అందరూ నవ్వారు. ఈయన కూడా నవ్వుతూనే, "మాటిస్తున్నా" అన్నాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నేనే నోరు ఊరుకోక, "అన్నా, నువ్వు రోజంతా నోరు మూసుక్కూర్చుంటే నేను మీసం తీసేస్తా" అన్నాను.

మరుసటి నెల ఓ మంగళవారం ఇద్దరూ వచ్చారు. వదిన చేతిలో నీలం గొడుగు, భుజాన సంచి, అందులో మంచినీళ్ళ సీసా. వాళ్ళ పాసుకు మొదటి సీటే దక్కింది. కిటికీ పక్కన ఆవిడ, ఇవతల ఈయన. టికెట్లు కొన్నవాళ్ళు వెనక ముప్పై రెండుమంది. కొత్త గైడు అమ్మాయి ఉద్యోగంలో చేరి మూడు వారాలే, పైగా ఆ రోజు జలుబుతో గొంతు బొంగురుపోయింది.

పాత బజారు దగ్గర ఆ అమ్మాయి చెబుతుంటే నేను అద్దంలో వదిన్నే చూస్తున్నాను. ఆవిడ పెదాలు కూడా కదులుతున్నాయి! ఆ అమ్మాయి ఒక మాట మర్చిపోతే ఈవిడ చిన్నగా అందించింది. ఒక మలుపు తిరగ్గానే గడియారం మేడ కనబడింది. "ఇదేనా అది!" అని ఆయన మోచెయ్యి పట్టుకుంది. పప్పుల డబ్బాల వెనక ముప్పై ఏళ్ళు దాక్కున్న మేడ మరి. ఆయన బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నాకు నా మీసం మీద బెంగ పట్టుకుంది.

మ్యూజియం దాటేసరికి అమ్మాయి గొంతు పూర్తిగా మూగబోయింది. వెనకనుంచి ఎవరో, "ఏంటండీ, డబ్బులిచ్చి దగ్గు వినడానికొచ్చామా?" అన్నారు. మా మైకుగారి కాలు ఆడటం మొదలైంది. వదిన వైపు చూశాడు.

"రెండు ముక్కలు చెప్పొస్తానే. పాపం, ఆ పిల్ల..."

"రెండే," అంది వదిన.

మైకు చేతిలోకి రాగానే మనిషి పదేళ్ళు చిన్నవాడైపోయాడు. అమ్మాయి చేతిలోని పేర్ల కాగితం కూడా తీసుకుని, "నువ్వెళ్ళి వెనక పడుకో తల్లీ" అన్నాడు. ఆ పిల్ల దండం పెట్టినంత పనిచేసి చివరి సీట్లో వాలిపోయింది. రెండు ముక్కలు ఇరవై అయ్యాయి. నా మీసానికి ఢోకా లేకుండా పోయింది.

లైట్‌హౌసు దగ్గర ఇరవై నిమిషాలు ఆపుతాం. ఈయన కిందే నిలబడి చెబుతున్నాడు. "నూట డెబ్బై రెండు మెట్లు. పైకెక్కితే ఊరంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది." చుట్టూ జనం. వదిన వెనకనుంచి ఆయన చొక్కా లాగింది.

"మనం ఎక్కుదామా?"

"టైము చాలదే. ఎవరూ ఎక్కరు."

"పోనీ నేను సగందాకా వెళ్ళొస్తా."

"ఊఁ, ఊఁ" అన్నాడు. ఎవరో లైట్‌హౌసు కట్టినవాళ్ళ పేరు అడిగితే అటు తిరిగాడు. ఆ ఊఁ ఊఁలు ఆయన చెవిదాకా వెళ్ళలేదని నాకప్పుడే అనిపించింది. అనిపించి ఏం లాభం, నేను టీకొట్టు దగ్గర నిలబడి బిస్కట్టు ముంచుకుంటున్నాను.

టైమైంది. అందరూ ఎక్కారు. ఆయన రెండో వరుసనుంచి వెనక్కి లెక్కపెట్టాడు. వెనకనుంచి ముందుకి లెక్కపెట్టాడు. ముప్పై రెండు. దబ్‌దబ్. "రైట్." నేను గేరు వేశాను. మొదటి సీటు ఖాళీగా ఉంది. ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది కదా!

పావుగంట తర్వాత, హార్బరు మలుపులో, మంచినీళ్ళ సీసా ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలింది. ఎవరిదబ్బా అని కిందకు చూశాను. వదిన సంచిలోది. బ్రేకు మీద కాలేసి, "అన్నా! వదినేది?" అన్నాను.

ఆయన సీటు వైపు తిరిగాడు. మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది. ఊపిరి చప్పుడు బస్సంతా వినబడింది. ఫోను తీసి ఆవిడకు చేశాడు. సీట్లో ఉన్న ఆవిడ సంచి మోగింది. ఆ సంచిని ఎత్తి గుండెకు అదుముకుని, "తిప్పరా... తిప్పు బస్సు" అన్నాడు. వెనక ఒకరిద్దరు ఒంటికాలి మీద లేచారు. "సొంత పెళ్ళాన్నే మర్చిపోయాడు, రేపు మన గతేంటి?" అన్నాడొకడు. నాకు వాడి పీక పిసకాలనిపించింది, కానీ తప్పేముంది ఆ మాటలో?

లైట్‌హౌసు వాచ్‌మన్ మమ్మల్ని చూసి, "నీలం గొడుగావిడేనా? పైనే ఉంది. దిగమంటే ఇంకా చూడ్డం అవలేదంది" అన్నాడు. ఆయన మోకాళ్ళు మంచివి కావు. దారిలో పడితే ఆ పాపం కూడా నాకే చుట్టుకుంటుందని, బస్సు అమ్మాయికి అప్పగించి వెనకే ఎక్కాను. మెలికలు తిరిగిన ఇనప మెట్లు. ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో సంచి. మధ్యలో మూడుసార్లు కూలబడ్డాడు. "ఏడుస్తూ ఉంటుందిరా" అన్నాడు. ఆయన మనసులో ఆ మ్యూజియం మెట్లే ఉన్నాయని తెలుస్తూనే ఉంది.

వదిన ఏడవడం లేదు. పైన వరండాలో గొడుగు మూసి, కమ్మీకి ఆనుకుని సముద్రం చూస్తోంది. మా ఆయాసం వినబడినా తిరగలేదు.

"నూట అరవై ఎనిమిది," అంది.

"ఏంటే?"

"మెట్లు. నూట డెబ్బై రెండు కాదు. మీరెప్పుడూ ఎక్కలేదా?"

"టైమెక్కడుండేది... ఎవరో చెబితే అదే..." అని నసిగాడు.

అప్పుడు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎండకో మరెందుకో.

"ఊరంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుందంటారుగా. ఆ ముక్క మాత్రం నిజమే. బస్సు కూడా కనిపించింది. మీరు లోపల వెనక్కి నడవడం, ముందుకి రావడం, అంతా చూశాను. రెండుసార్లు లెక్కపెట్టారు. నేను గొడుగు ఊపాను. కేకేశాను. మీ లెక్క సరిపోయింది. రేకు మీద రెండు దెబ్బలేసి వెళ్ళిపోయారు."

"తప్పయిపోయిందే," అన్నాడు ఆయన. "ముప్పై రెండూ సరిపోయేసరికి..."

"సరిపోతాయి. మీ ముప్పై రెండులో నేనెప్పుడున్నాను గనక?"

నాకు తల కొట్టేసినట్టయింది. "వదినా, తప్పు నాది కూడా. సీటు నా కళ్ళెదురుగానే..." అనబోయాను.

"నువ్వూరుకో. నేను మాట తీసుకుంది నీ దగ్గర కాదు."

కింద ఎవరో బస్సు హారన్ నొక్కారు. ఆయన ఉలిక్కిపడి, "పదవే, పాపం అందరూ ఎదురుచూస్తున్నారు" అన్నాడు. ఆ మాట అన్నాక ఆయనే నాలుక్కరుచుకున్నాడు.

వదిన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "మీరు వెళ్ళండి," అంది మెల్లగా. "వాళ్ళు డబ్బిచ్చి వచ్చారు. నేను ఇంకాసేపు చూసి, సిటీ బస్సెక్కి ఇంటికొచ్చేస్తా. భయమేం లేదు. ఏ వీధి తర్వాత ఏదొస్తుందో అన్నీ మీరు చెప్పినవేగా."

ఆయన కమ్మీ పట్టుకుని కిందకు చూశాడు. బస్సు చుట్టూ జనం చీమల్లా ఉన్నారు. పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు... లెక్కపెడుతున్నాడు! నాకు కమ్మీకేసి తల బాదుకోవాలనిపించింది. వదిన కూడా చూసింది. చూసి మొహం తిప్పేసుకుంది.

పదకొండో, పన్నెండో దగ్గర ఆయన ఆగిపోయాడు. జేబులోంచి పేర్ల కాగితం తీసి నా చేతిలో పెట్టాడు.

"ఆ పిల్లకివ్వు. వెనకనుంచి కూడా ఓసారి లెక్కపెట్టమను."

"మరి నువ్వు?"

"మమ్మల్ని లెక్కలో కలపొద్దు. పో."

దిగుతూ నేనూ మెట్లు లెక్కపెట్టాను. నూట అరవై ఎనిమిదే. వదినతో వాదం పెట్టుకోనందుకు సంతోషించాను. కింద అమ్మాయి రెండుసార్లు లెక్కపెట్టి, లేని గొంతుతో "రైట్ బాబాయ్" అంది. రేకు మీద దెబ్బలు కొట్టడం ఆ పిల్లకింకా రాలేదు. గేరు వేయబోతూ మొదటి సీటు చూశాను. ఇరవై రెండేళ్ళు నా పక్కనే ఖాళీగా ఉన్న సీటు. అది ఖాళీ అని ఆ రోజే తెలిసింది.

మలుపు దగ్గర ఆపి, తల బయటపెట్టి పైకి చూశాను. వరండాలో ఇద్దరూ కనబడ్డారు. హారన్ కొట్టాను. వదిన గొడుగు ఎత్తి మా వైపు ఊపింది, మళ్ళీ సముద్రం మీద ఎక్కడికో వేలు పెట్టి చూపించింది. ఆయన బస్సు వైపు తిరగనే లేదు. ఆవిడ చూపిస్తున్న వైపే చూస్తున్నాడు.