డౌవె ఇంకా చూస్తున్నాడు

మా డచ్చి రేవుపట్నం హార్లింగెన్‌లో ఇంటింటా మరుగుదొడ్డి గోడకు పుట్టినరోజుల క్యాలెండరు వేలాడుతుంది. ఏటేటా మార్చేది కాదది; తేదీల దగ్గర అయినవాళ్ల పేర్లు రాసుకుంటాం. మనిషి పోతే ఆ పేరు మీద గీత గీస్తాం. పక్కింటి వీట్స్కె మాత్రం, మొగుడు డౌవె పోయి ఎనిమిది నెలలైనా ఆ గీత గీయలేదు.

డౌవె ఓడరేవులో తాళ్లు అమ్మి రిటైరైనవాడు. పిల్లికి బిచ్చం పెట్టని రకం. ప్రకటనలు చూస్తే డబ్బులిచ్చే బ్రౌజరొకటి ఫోనులో పెట్టుకున్నాడు. ఒక్కో ప్రకటనకు ఆవగింజంత నాణెం. ఎవరు చూశారో బ్లాక్‌చెయిన్‌లో రాసుకుంటుందట, ఒకసారి రాస్తే ఎవరూ చెరపలేరట. "నా కళ్లు ఊరికే వాడుకుంటున్నారుగా, ఇకనుంచి అద్దె కట్టమను" అనేవాడు. ఆ నాణేలతో మంచు మీద జారే కొత్త బూట్లు కొంటాడట. కాలువ గడ్డకట్టి ఏళ్లయింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

అతను పోయాక వీట్స్కె ఆ ఫోను పట్టుకు కూర్చునేది. జారే బూట్లు, ఉన్ని మేజోళ్లు, మంచు మందం కొలిచే కడ్డీలు, ఇలాంటి ప్రకటనలే వచ్చేవి. డౌవె ఇష్టాలు ఆ ఒక్క ఫోనుకే తెలుసు, అది బయటెవరికీ చెప్పదు. తను చూసినా, చెరపలేని ఆ చోట డౌవె ఇవాళ చూశాడనే పడుతుందని వీట్స్కె మురిసిపోయేది.

సెప్టెంబరులో ఒకరోజు వెళ్తే మొహం పాలిపోయి ఉంది. ఫోనులో అల్లిక దారాల ప్రకటన. ఆ తర్వాత మోకాళ్ల నొప్పుల మందు.

"నన్ను గుర్తుపట్టేసిందే. ఆయన్ని మరిచిపోతోంది" అంది.

చూడ్డం మానెయ్యమన్నాను. ముప్పై రోజులు చూడకపోతే ఖాతా మూసేస్తారట. నా నోరు ఊరుకోదు కదా, "అయితే డౌవెలా చూడవే" అన్నాను.

నేనన్నంత పనీ చేసింది. రోజూ మంచు వార్తలు చదివింది. అల్లిక సూదులు చర్చి సంతకిచ్చేసింది. బుధవారం పాటల బృందానికి రావడం మానేసింది. పాలు లేని కాఫీ, డౌవె కప్పులో. పోనీలే, దిగులు తగ్గుతుందనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

నవంబరు తొమ్మిదిన, వీట్స్కె పుట్టినరోజని, కేకు తీసుకెళ్లాను. వీట్స్కె తలుపు తీసి, కేకు ఎవరికని అడిగింది. వేళాకోళమనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. డౌవె కుర్చీలో కూర్చుని ఫోను నా వైపు తిప్పింది. మగవాళ్ల జారే బూట్లు, నలభై అయిదో సైజు.

"నమ్మిందే. నేనిక్కడ లేననే అనుకుంటోంది" అంది, కళ్లు మెరుస్తుండగా.

నాకు భయమేసింది. కాసేపు ఆమె ముందునుంచి తప్పుకుంటే చాలనిపించి మరుగుదొడ్డిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను. ఎదురుగా క్యాలెండరు, నవంబరు పేజీ. తొమ్మిదో తేదీ దగ్గర వీట్స్కె పేరు మీద స్కేలు పెట్టి తిన్నగా గీత గీసి ఉంది.