నోరు తెరవమన్న వాళ్లు లేరు

ఎల్లారెడ్డిలో మా వాడకట్టున ఈరవ్వ నోటికి భయపడని మనిషి లేడు. బీడీల కార్ఖానాలో ఆకు ఇచ్చి, చేసిన బీడీలు లెక్క తీసుకునే టేకేదారు భయపడేవాడు. రేషన్ దుకాణం వాడు ఆమె వరుసలో కనబడగానే కాంటా సరిచేసుకునేవాడు. భర్త సాయిలు బతికినన్నాళ్లూ ఆమె ముందు గొంతు పెంచి ఎరగడు. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం పంటితో పుటుక్కున తెంపుతూ ముప్పై అయిదేళ్లుగా ఆమె బీడీలు చేస్తూనే ఉంది, మాట్లాడుతూనే ఉంది. "నోరు మూసుకో ఈరవ్వా" అనే మాట ఆమె వినని రోజు లేదు. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

నా పేరు సుకన్య. ఇక్కడ ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. నెలకోసారి వాడకట్టులో బల్ల వేసుకుని షుగరు, బీపీ మాత్రలు పంచుతాను. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ముందు నా మీదే మండుతుంది.

ఆరేళ్ల కింద ఈరవ్వకు షుగరు ఉన్నట్టు తేలింది. మాత్రలు మొదలుపెట్టాం. ఆమె ఒక్క నెల కూడా తప్పకుండా వచ్చేది, వచ్చి నాతో తగువు పెట్టుకుని మరీ తీసుకునేది. షుగరు మాత్రం దిగలేదు. మాత్ర పెంచితే కొద్దిగా తగ్గేది, మళ్లీ ఎక్కేది. మాకు తెలిసిన జవాబు ఒకటే: మనిషి చాటుగా తింటోంది. ఒకసారి నలుగురి ముందూ అడిగేశాను, చాటుగా ఏం తింటున్నవో చెప్పు పెద్దమ్మా అని.

ఆమె ముఖం ఎర్రబడింది. "అన్నం బందు పెట్టి రెండేండ్లాయె. తమ్ముని బిడ్డ లగ్గంల లడ్డు ముట్టలే. నమ్మకుంటే వచ్చి మా ఇంట్ల పండు. నేనేం తింటున్ననో రాత్రి పగలు సూడు."

నేను నమ్మలేదు. నవ్వి, పుస్తకంలో 'పథ్యం పాటించడం లేదు' అని రాశాను. ఆ పుస్తకంలోనే ఇంకో గడి ఉంది, నోట్లో పుండ్లు గానీ గడ్డలు గానీ ఉన్నాయా అని. దాన్ని 'లేవు' అని నింపింది కూడా నేనే. ఆమెనే కాదు, ఏ ఒక్కరినీ నోరు తెరవమనకుండానే నింపాను. బల్ల ముందు యాభై మంది నిలబడి ఉంటే ఎవరి నోట్లోకి ఎవరు చూస్తారు?

ఈరవ్వ చిన్నప్పటి నుంచీ పళ్లకు నల్లపొడి రుద్దేది. తంబాకు కాల్చి నూరిన పొడి అది. రుద్దితే చిగుళ్లు తిమ్మిరెక్కి నొప్పి తెలియదు. బీడీలు చేసే ఆడవాళ్లలో సగం మందికి ఆ అలవాటుంది. ఉమ్మితే నెత్తురు వచ్చేది. చెడు రక్తం పోతోంది, మంచిదే అనుకునేది ఆమె. జొన్నరొట్టెను పప్పు నీళ్లలో నానబెట్టుకుని తినడం నేను చాలాసార్లు చూశాను. వయసు మీద పడుతోంది కదా అనుకుని ఊరుకున్నాను.

తర్వాత చెంప వాయడం మొదలైంది. ఎడమ వైపు, పై పళ్ల దగ్గర. వాచినప్పుడల్లా ఆర్ఎంపీ లింగయ్య మూడు రోజుల గోళీలిచ్చేవాడు. వాపు దిగేది, రెండు నెలలకు మళ్లీ వచ్చేది. పన్ను తీయించుకో అంటే ఈరవ్వ వినేది కాదు. పై పన్ను పీకిస్తే కండ్లు పోతాయని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆమె తల్లి ఎంకవ్వ అంగట్లో పళ్లు పీకేవాడి దగ్గర పై పన్ను పీకించుకుంది, ఏడాది తిరగకముందే చూపు పోయింది. అవి శుక్లాలని, పంటితో వాటికి సంబంధమే లేదని నేను ఎంత చెప్పినా ఏం లాభం? ఆమె తన తల్లిని చేయి పట్టుకుని నడిపించిన మనిషి.

"పండ్లు లేకుంటే గటుక తాగి బతుకుత బిడ్డా. కండ్లు లేకుంటే బీడీలు ఎట్ల జేస్త?" అంది.

ఆమె భయమంతా అదే. నొప్పి ఓర్చుకుంది, చీము మింగింది, కండ్ల కోసం. లింగయ్య అయినా కండ్లు పోవని చెప్పాడా? పై పన్ను కదా, ఎందుకైనా మంచిది, ఉండనీ అన్నాడు. వాడిని తలచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుతాను.

ఆఖరికి ఓ రోజు నొప్పికి తాళలేక ఆమే నన్ను బయల్దేరదీసింది. బస్సెక్కి కామారెడ్డి పోయాం. మొదటి పంటి డాక్టరు షుగరు కాగితం చూసి, ఇంత షుగరు మీద పన్ను తీయను, దిగాక రండి అన్నాడు. కుర్చీలోంచి లేవను కూడా లేదు. షుగరు డాక్టరు దగ్గరికి పోతే మాత్ర పెంచాడు. ఆమె చెంప చూపిస్తే, అది నా పని కాదమ్మా, పంటి డాక్టరుకు చూపించు అన్నాడు. అలా ఏడాదిలో నాలుగుసార్లు తిరిగాం. నాలుగోసారి బస్టాండులో బెంచీ మీద కూర్చుని, చెంప పట్టుకుని ఆమె అన్న మాట నేను మరిచిపోలేను.

"పంటోడు షుగర్ దిగనియ్యమంటడు. షుగరోడు పన్ను నాది కాదంటడు. నా తలకాయ ఇద్దరు పంచుకున్నరా ఏంది?"

ఆ ఏడాది చలికాలంలోనే కార్ఖానాలో గొడవైంది. ఆమె చేసిన బీడీలు కట్టలకు కట్టలు టేకేదారు పక్కకు పారేశాడు, దారాలు వదులుగా ఉన్నాయని. ముప్పై అయిదేళ్లలో ఎన్నడూ జరగనిది. ఈరవ్వ కార్ఖానా కప్పు ఎగిరిపోయేలా కొట్లాడింది. వాడే తలొంచుకుని ఆ బీడీలు తీసుకున్నాడు. వాడి కన్నే పాడైందని వాడకట్టంతా చెప్పుకుంది.

వారం రోజులకు కామారెడ్డికి నవత అనే కొత్త పంటి డాక్టరు వచ్చిందని తెలిసి, ఇదే ఆఖరు అనుకుంటూ ఐదోసారి పోయాం. ఆ అమ్మాయి కాగితం పక్కన పెట్టింది. "అమ్మా, ముందుగాల నోరు పెద్దగ తెరువు" అంది.

ఈరవ్వ నా వైపు చూసింది. నిజంగానే తెరవాలా అన్నట్టు చూసింది. జీవితమంతా నోరు మూయమన్నవాళ్లే, తెరవమన్న మనిషి ఆమెకు అప్పుడే ఎదురైంది. తెరిచింది. ఆ లైటు వెలుగులో నేనూ వంగి చూశాను. చిగుళ్లు మెత్తబడి పళ్ల నుంచి ఊడి వచ్చేశాయి. నాలుగు పళ్ల మొదట్లో చీము ఉంది. పళ్ల వేర్లు బయటపడి ఉన్నాయి. ఆరేళ్లు నెలనెలా మూరెడు దూరంలో నిలబడి, తిండి మీద అబద్ధాలాడుతోందని నేను తిట్టింది ఈ నోటినే.

షుగరు చిగుళ్లను తింటుంది, చిగుళ్లలో చీము నిలిస్తే అది షుగరును దిగనివ్వదు, ఏ ఒక్కటి ముందు తగ్గాలని కూర్చున్నా రెండూ తగ్గవు అని నవత చెప్పింది. తనే షుగరు డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడింది. ఫోన్ పెట్టేసి, చూపు ఎట్లుందమ్మా అని అడిగింది. ఈరవ్వ తలుపు వేసి ఉందా అని వెనక్కి చూసింది. అంత నోరున్న మనిషి మెల్లగా, ఎడమ కంటికి తెర పడి మూడు నెలలైందని, దారం వేళ్లతో తడిమి కడుతున్నానని చెప్పింది. కార్ఖానాలో తెలిస్తే ఆకు ఇవ్వరని దాచింది. టేకేదారు పారేసిన బీడీలు నిజంగానే వదులువి.

ఇన్సులిన్ పెట్టి, మందులిచ్చి, నాలుగు పళ్లూ తీశారు. కండ్ల డాక్టరు చూసి, షుగరుతో కన్ను వెనక నెత్తురు కారిందని, ఎడమ కన్ను ఇక రాదని, కుడి కన్నుకు ఇప్పుడే లేజర్ చేస్తే నిలుస్తుందని అన్నాడు. చేశారు. అదే రొట్టె తింటూ నాలుగు నెలల్లో షుగరు దిగింది, ఇన్సులిన్ సగానికి వచ్చింది. అంతా పళ్ల వల్లే దిగిందని నేననను. కానీ ఆమె అబద్ధమాడలేదు. పుస్తకంలో పథ్యం గురించి రాసిన ఆ మాట కొట్టేశాను. ఆమె ముందు కూర్చుని కొట్టేశాను.

ఇంతటితో అయిపోతే బాగుండేది. పళ్లు తీసిన సంగతి వాడకట్టుకు మొదటి రోజే తెలిసింది. కన్ను పోయిన సంగతి నెల తర్వాత తెలిసింది. ఇంకేముంది, చెప్పలేదా, పై పండ్లు తీయించుకుంది, కన్ను పోయింది అన్నారు. ఎంకవ్వ, ఆమె బిడ్డ ఈరవ్వ, ఇద్దరు సాక్షులయ్యారు. నేను ఇంటింటికీ తిరిగి చెప్పాను, అరిచాను కూడా. ఒక్కరూ వినలేదు.

పోయిన నెల నా బల్ల ముందుకు రామవ్వ వచ్చింది. ఈరవ్వది పక్కిల్లే, కార్ఖానాలోనూ ఇద్దరూ పక్కపక్కనే చాటలు పెట్టుకుని కూర్చుంటారు. కొంగుతో చెంప కప్పుకుని ఉంది, వాపు కొంగు దాటి కనబడుతోంది. ఆమెకూ షుగరే, ఆమెకూ దిగదు. కామారెడ్డి పోదాం అన్నాను. పక్కన అరుగు మీద కూర్చున్న ఈరవ్వను గడ్డంతో చూపించి, ఉన్న కండ్లు పోగొట్టుకోనా అని మాత్రలకు చేయి చాపింది. నాకు నోటి దాకా తిట్టు వచ్చింది.

నాకంటే ముందు ఈరవ్వ లేచింది. వరుసలో టేకేదారు భార్య కూడా ఉంది. ఆమెకు వినబడేలానే ఈరవ్వ మాట్లాడింది.

"వదినె, నా కన్ను పండ్ల కంటె మూడు నెలలు ముందుగాలనే పోయింది. ఆకు ఇయ్యరని దాచిన. టేకేదారుతోని కొట్లాడిన సూడు, ఆ రోజు తప్పు నాదే. పండ్లు తీసిన డాక్టరమ్మ అడిగితేనే ఈ ఒక్క కన్ను మిగిలింది."

ఈరవ్వ తప్పు ఒప్పుకోవడం ఆ వాడకట్టులో ఎవరూ చూసి ఎరగరు. ఆమె రామవ్వ కొంగు పక్కకు లాగి, గడ్డం పట్టుకుంది.

"నోరు తెరువు" అంది.

రామవ్వ తెరిచింది. నేను సంచిలోంచి టార్చి తీశాను. ఆరేళ్లుగా అది ఆ సంచిలోనే ఉంది.