మా ఆయన నీళ్ళలో పడ్డ కథ

మా ఆయన బకెట్లో తల పెట్టిన రోజే నాకు అనుమానం రావలసింది. రాలేదు. ఎందుకంటే అది దుకాణం పనిగానే మొదలైంది.

మాది కళ్ళజోళ్ళ దుకాణం. ముందు గదిలో ఫ్రేముల బీరువాలు, నిలువుటద్దం, నా కుర్చీ. వెనక గదిలో కళ్ళు పరీక్ష చేసే కుర్చీ, అద్దాలు అరగదీసే యంత్రం, మా ఆయన. ఒకరోజు జుట్టు మెడదాకా కత్తిరించుకున్న ఒక అమ్మాయి వచ్చింది. సముద్రంలో లోతుగా మునిగి ఈదడం నేర్పుతుందట. నీళ్ళలో పెట్టుకునే మాస్కులో తన పవరుకి సరిపడా అద్దాలు అమర్చి ఇవ్వగలరా అని అడిగింది. అప్పటికే ముగ్గురు కుదరదన్నారట. ఇంకొకరు కుదరదన్న పనంటే మా ఆయనకి ఎక్కడలేని హుషారు. మూడు రోజులు కూర్చుని అద్దాలు అరగదీసి మాస్కు లోపల అతికించారు. నీళ్ళు కారుతాయో లేదో చూడాలని, నేల తుడిచే బకెట్ నిండా నీళ్ళు పట్టి, మాస్కు తగిలించుకుని తల ముంచారు. సరిగ్గా అప్పుడే చత్వారం అద్దాల కోసం వచ్చిన ఒక పెద్దమనిషి గుమ్మంలో కొయ్యబారిపోయాడు. కూర్చోండి, ఆయన కళ్ళు కడుక్కుంటున్నారు అన్నాను. ఆ పెద్దమనిషి కూర్చోలేదు, మళ్ళీ మా దుకాణం ఛాయలకి రానూ లేదు.

మా ఆయన తల పైకెత్తి, గడ్డం మీంచి నీళ్ళు కారుతుండగా, లోపల ఎంత ప్రశాంతంగా ఉందో అన్నారు. ఇరవయ్యారేళ్ళుగా నా పక్కన కూర్చుని వ్యాపారం చేస్తున్న మనిషి బకెట్లో ప్రశాంతత దొరికిందంటే నేనేమనుకోవాలి? తువ్వాలు మొహాన విసిరేసి ఊరుకున్నాను.

ఇక్కడ ఆయన గురించి ఒక రహస్యం చెప్పాలి. మా ఆయనకి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. పుట్టుకతోనే అంతే. రెండూ ఒకే రకం మట్టిరంగులా ఉంటాయట. కళ్ళజోళ్ళాయనకే కళ్ళలో లోపమా అని మీరు నవ్వితే తప్పుపట్టను, నేనూ నవ్వాను. పెళ్ళయిన వారానికి, నాలుగు రోడ్ల కూడలిలో సిగ్నలు దగ్గర నిలబడి, పైది వెలిగితే ఆగుతాను, కిందది వెలిగితే వెళ్తాను, రంగు సంగతి నాకు తెలియదు అని చెప్పారు. ఇంట్లో వాళ్ళకి కూడా తెలియదట. నవ్వడం అయ్యాక, చచ్చినా ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

పరీక్ష గది గోడ మీద సగం ఎర్రగా, సగం పచ్చగా వెలిగే పలక ఉంటుంది. అక్షరాలు ఎరుపు మీద నల్లగా ఉన్నాయా, పచ్చ మీద నల్లగా ఉన్నాయా అని అడిగి పవరు తేల్చాలి. వచ్చినవాళ్ళు రంగు పేరు చెప్పకుండా ఇటుదనో అటుదనో వేలు చూపిస్తారు. ఎడమది ఎరుపు, కుడిది పచ్చ అని బట్టీ పట్టి ఆయన ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చారు. ఒకసారి పలకని బాగుచేయిస్తే, వచ్చిన మెకానిక్ దాన్ని తిరగేసి బిగించిపోయాడు. ఆ రోజు వచ్చిన నలుగురికీ పవరు తప్పింది. వారం తిరక్కుండా కుట్టుపని చేసుకునే ఒకావిడ వచ్చి, సూది ఒకచోట ఉంటే బెజ్జం ఇంకోచోట కనిపిస్తోందని దుకాణంలో బైఠాయించింది. యంత్రం మీద నెపం పెట్టి నలుగురికీ అద్దాలు మార్చి ఇచ్చాం.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే పలక వెలిగించి చూసేది నేనే. ఫ్రేములకి వేలాడే చీటీల మీద రంగు పేరు రాసేది నేనే. ఆయన చొక్కా, మేజోళ్ళు తీసిపెట్టేది నేనే. అది పచ్చ కాదండీ అని రోజుకి పదిసార్లు చెవిలో చెప్పేది నేనే. విసుక్కుంటూ చేస్తాను కానీ, నిజం చెప్పొద్దూ, ఆ ఉద్యోగం నాకు చాలా ఇష్టం.

బకెట్లో నుంచి ఈతకొలనులోకి, ఈతకొలనులో నుంచి సముద్రంలోకి దిగడానికి ఆయనకి ఏడాది కూడా పట్టలేదు. ఆ టీచరమ్మాయికి నేను చేపపిల్ల అని పేరు పెట్టాను, ఆమె ముందు కాదనుకోండి. యాభై నాలుగేళ్ళ మనిషికి ఓపిగ్గా నేర్పింది. ఒడ్డుకి దగ్గరలోనే రెండు రోజులు మునిగి, ఏదో పరీక్ష కూడా పాసై వచ్చారు. ఏం చూశారని అడిగితే చేపలు అన్నారు. అంతే. అన్నం తింటూ తనలో తనే నవ్వుకున్నారు. మనిషి తనలో తను నవ్వుకుంటే పెళ్ళానికి ఎంత మండుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఈ ఏడాది చేపపిల్ల కొత్త కబురు మోసుకొచ్చింది. ఒడ్డు నుంచి ముప్పై గంటలు పడవలో వెళ్తే నరమానవుడు ఉండని రాతిదిబ్బలు ఉన్నాయట. తొమ్మిది రోజులు పడవలోనే తిండి, పడవలోనే పడక, రోజుకి మూడుసార్లు నీళ్ళలోకి దూకడం. ఫోను పనిచేయదు. డాక్టరు ఉండడు. వెళ్ళేవాళ్ళలో ఒకాయన కాలు విరగ్గొట్టుకోవడంతో ఒక్క చోటు ఖాళీ అయింది. గురువారం సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పాలి. ఆ తర్వాత ఆ పడవ మళ్ళీ రెండేళ్ళకి గానీ అటు వెళ్ళదు.

ఆయనకి వెళ్ళాలని ఉంది. ఉందని నాతో చెప్పే ధైర్యం లేదు. అందుకని పరీక్ష కుర్చీలో కూర్చున్నవాళ్ళ మీద పడ్డారు. గడ్డం ఆనించి కూర్చున్న మనిషి ఎటూ పోలేడు కదా. ఈ అద్దం బాగుందా, ఆ అద్దం బాగుందా అని అడిగే గొంతుతోనే, అంత దూరం వెళ్తే బాగుంటుందా, మానుకుంటే బాగుంటుందా అని అడిగేవారు. ఒక పోస్టాఫీసు గుమాస్తా అయితే కాసేపు ఆలోచించి, రెండూ ఒకేలా ఉన్నాయండీ అన్నాడు.

నా ప్రయత్నాలు నేనూ చేశాను. ఇదివరకు ఆ పడవెక్కి వచ్చినవాళ్ళు రాసినవన్నీ ఫోనులో వెతికి, భోజనాల దగ్గర వార్తల్లా చదివి వినిపించాను. ఒకడికి పోతూ రెండు రోజులు, వస్తూ రెండు రోజులు వాంతులట. ఇంకొకడు తొమ్మిది రోజులూ నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదని మొత్తుకున్నాడు. పడుకునే పరుపు బీరువా అరంత ఉందని ఒకావిడ రాసింది. మా ఆయన నిమ్మకు నీరెత్తినట్టు విన్నారు. పరుపు ఇరుకైతే ఏం, పడుకునేది నేనొక్కణ్ణేగా అన్నారు. నా గరిటె అన్నం గిన్నెలో చేయాల్సినదానికన్నా ఎక్కువ చప్పుడు చేసింది.

ఇక లాభం లేదని మా ఆడపడుచుని రప్పించాను. ఆవిడ మా ఆయనకంటే ఆరేళ్ళు పెద్దది, భయపెట్టడంలో అందె వేసిన చెయ్యి. తుమ్ముతో మొదలుపెట్టి పది మాటల్లో ఆస్పత్రి దాకా తీసుకెళ్ళగలదు. బుధవారం మధ్యాహ్నం దుకాణంలోకి వస్తూనే నా కుర్చీలో కూర్చుని, ఈ వయసులో నీళ్ళేమిట్రా, చెవులు పగిలితే ఎవడు దిక్కు అని అందుకుంది. నా ప్రాణం లేచి వచ్చింది. అంతలో చేపపిల్ల దిగబడింది. పెద్ద తెర ఉన్న ఫోను తీసి, ఆ దిబ్బల దగ్గర టార్చి వేసి తీసిన ఫోటోలు మా వదినకి చూపించసాగింది. ఎర్రెర్రటి పగడాలు, ఒక్కోటి మనిషంత, విసనకర్రల్లా విచ్చుకుని ఉన్నాయి. మా వదిన కళ్ళజోడు సర్దుకుంది. ఒకటి చూసింది, రెండు చూసింది. ఎంత బాగున్నాయిరా తమ్ముడూ, వెళ్ళిరా, ఇలాంటివి చూడ్డానికి పెట్టి పుట్టాలి అనేసింది.

నేను తెచ్చుకున్న కర్ర నా వీపు మీదే పడింది. ఒళ్ళు భగ్గుమంది.

"అంత దూరం వెళ్ళి ఈయన చూసేదేముంది వదినా? ఆ ఎరుపంతా ఈయనకి మట్టే. రంగులు తెలియని మనిషికి పగడాలెందుకు?"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. అద్దం ముందు ఫ్రేము పెట్టుకుని చూసుకుంటున్న ఒక నర్సమ్మ దాన్ని మెల్లగా తీసి మా ఆయన వైపు చూసింది. అప్పటికి పావుగంట నుంచీ ఆ రంగు ఆమెకి ఎంత నప్పిందో ఆయనే చెబుతున్నారు మరి. మా వదిన అందుకేనేమిట్రా చిన్నప్పుడు చెట్టు బొమ్మకి ఎర్రటి ఆకులు వేశావు, మేమంతా ఏడిపించాం కూడానూ అంది. చేపపిల్ల తలొంచుకుని ఫోను ఆర్పేసింది. మా ఆయన మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆయన ఆ ఫ్రేము చేతిలోకి తీసుకుని, ముదురు ఎరుపమ్మా, చీటీ మీద రాసి ఉంది అని నర్సమ్మతో మామూలుగానే చెప్పారు. పాపం, ఆమె బేరం కూడా ఆడకుండా కొనుక్కుపోయింది.

దుకాణం కట్టేసే వేళకి ఇద్దరమే మిగిలాం. ఆయన పరీక్ష అద్దాల పెట్టె ముందేసుకుని ఒక్కొక్కటే తుడుస్తున్నారు. తిట్టినా బాగుండేది. తప్పయిపోయిందండీ అన్నాను. ఫరవాలేదన్నట్టు తలూపి, మరో రెండు అద్దాలు తుడిచాక నోరు విప్పారు.

"పోయినసారి సముద్రంలో ఆఖరి రోజున బాగా లోతుకి దిగాం. ఆ అమ్మాయి వేలు రాయికి గీరుకుంది. పైకొచ్చాక అందరికీ ఒకటే వింత, నెత్తురు పచ్చగా కనిపించిందని. అంత లోతుకి ఎరుపు దిగదట. టార్చి వేస్తే తప్ప ఎవరి కళ్ళకీ ఆనదట."

"మీకో?"

"నాకు ఎప్పుడూ కనిపించే నెత్తురే కనిపించింది." చేతిలో అద్దాన్ని దీపానికి ఎదురుగా పెట్టి చూశారు. "అక్కడ అందరూ నాలాగే చూస్తున్నారే. అక్కడ నా చూపు తప్పు కాదు. ఆ పగడాలు ఎర్రగా ఉంటే నాకేం, నల్లగా ఉంటే నాకేం? వెళ్ళేపాటి ప్రయాణమేనా అని ఊరందర్నీ అడిగాను. నిన్ను అడగాలంటే ఇది చెప్పాలి. చెబితే నువ్వు మనసు కష్టపెట్టుకుంటావని ఆగాను. నువ్వు వద్దంటే మానేస్తాను."

నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పాలంటే ఏడుపుకంటే ముందు కుళ్ళు వచ్చింది. పడవ మీద కాదు, చేపపిల్ల మీద కాదు, సముద్రం మీద. నేను పక్కన లేకపోతే మనిషి ఎర్రదీ పచ్చదీ తేల్చుకోలేడని ఇరవయ్యారేళ్ళు మురిసిపోయాను. నేను అక్కర్లేని చోటు ఒకటి ఉందనీ, అక్కడ ఆయన సుఖంగా ఉన్నారనీ తెలిస్తే ఏ పెళ్ళానికి మింగుడు పడుతుంది? ఇంటికి వెళ్ళేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన దాన్ని వద్దనడమే అనుకున్నారు. పడుకోబోయే ముందు, ఆ పడవ వాళ్ళ కాగితాలన్నీ మడిచి సొరుగులో పెట్టేశారు.

గురువారం మధ్యాహ్నం ఆయన వెనక గదిలో ఒక పిల్లాడికి అక్షరాలు చదివిస్తుంటే, నేను పడవ ఆఫీసుకి ఫోను చేశాను. అవతల ఒకమ్మాయి ఎత్తి, ఆ ఒక్క చోటూ ఇంకా ఉందంది. ఆయన వస్తున్నారు, రాసుకోమ్మా అన్నాను. వయసు, ఎత్తు, బరువు, చెప్పుల సైజు అన్నీ అడిగింది. గదిలో ఇంకొకాయన కూడా పడుకుంటారు, ఈయనకి గురక అలవాటుందా అంది. మా ఇంటి కిటికీలు అదిరే గురక ఆయనది. అబ్బే, పసిపిల్లాడిలా నిద్రపోతారు అన్నాను.

చివరగా, చూపులో లోపం ఏమైనా ఉందా అండీ, ఉంటే రాసుకోవాలి అంది. వెనక గదిలో ఆయన గొంతు వినిపిస్తోంది, ఎరుపు మీద బాగుందా బాబూ, పచ్చ మీద బాగుందా అని.

"చత్వారం తప్ప ఏ లోపమూ లేదమ్మా" అన్నాను. గురక సంగతి అబద్ధం. ఇది మాత్రం నిజమే చెప్పాను.